దయ్యాల పిచ్చాసుపత్రికి వెళ్తే నాకు కనిపించింది ఇదీ

"అన్నా, ఒక్క హాంటెడ్ ప్లేస్ వీడియో చెయ్యి" అని చాలా రోజుల నుంచి కామెంట్స్ పెడుతున్నారు. సరే, ఈ ఎపిసోడ్ అదే. కాకపోతే ముందే చెప్తున్నా, ఇందులో అర్ధరాత్రి టార్చిలైటు, గజ్జెల చప్పుడు లాంటివేం ఉండవు. నేను వెళ్లింది మిట్టమధ్యాహ్నం.

మాది కురిచేడు. బీటెక్ అయ్యాక సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు ప్రాజెక్టు మీద కొన్ని నెలలు బోస్టన్ దగ్గర ఉన్నాను. అక్కడికి దగ్గర్లోనే డాన్వర్స్ అనే ఊరుంది. దాని పాత పేరు సేలం విలేజ్. 1692లో చేతబడి చేస్తున్నారని జనాన్ని పట్టుకుని, 19 మందిని ఉరి తీశారే, ఆ గొడవ మొదలైంది ఇక్కడే. ఆ ఊరి కొండ మీద 1878లో ఒక పెద్ద మానసిక ఆసుపత్రి తెరిచారు. అదే డాన్వర్స్ స్టేట్ హాస్పిటల్. అమెరికాలో దయ్యాల లిస్టు ఎవరు రాసినా దీని పేరు ఉంటుంది.

అసలు దాన్ని కట్టింది భయపెట్టడానికి కాదండీ. అప్పట్లో థామస్ కిర్క్‌బ్రైడ్ అని ఒక డాక్టరు ఉండేవాడు. మంచి గాలి, వెలుతురు, చేతికి కాస్త పని ఉంటే రోగులు కోలుకుంటారని ఆయన నమ్మకం. అందుకే బిల్డింగు గబ్బిలం రెక్కలు చాపినట్టు ఉంటుంది. ప్రతి వార్డుకీ ఎండ, గాలి తగలాలని ఆ ప్లాను. ఇప్పుడు ఫొటోలో ఆ షేపు చూసి మనం జడుసుకుంటున్నాం!

మరి చెడింది ఎక్కడ? దాదాపు 500 మంది కోసం కట్టిన చోట 1940ల నాటికి 2,000 మందికి పైగా ఉన్నారు. చూసుకునే మనుషులు మాత్రం ఆ లెక్కలో పెరగలేదు. వార్డులు కిక్కిరిసిపోయాయి. ఇంట్లోవాళ్లు తెచ్చి వదిలేసి మళ్లీ రానివాళ్లు అక్కడే పోయారు. 1992లో ఆసుపత్రి మూసేశారు. ఖాళీ బిల్డింగులో 2001లో ఒక హారర్ సినిమా వచ్చింది. ఇక కథలకి అడ్డూ అదుపూ లేదు.

నేను వెళ్లేసరికి అక్కడ ఏముందో తెలుసా? అపార్ట్‌మెంట్లు! 2006లో చాలా భాగం కూల్చేసి, ముందువైపు ఎర్ర ఇటుకల గోడలు మాత్రం ఉంచారు. ఒకాయన కుక్కని తిప్పుతున్నాడు. దయ్యం సంగతి అడిగితే నవ్వి, కిందకి వెళ్లే దారి చూపించాడు.

ఆ దారిలో వెళ్తే శ్మశానం. గడ్డిలో చిన్న చిన్న రాళ్లు. వాటి మీద పేర్లు లేవు, ఒట్టి నంబర్లు. బతికున్నప్పుడు పేషెంటు, పోయాక నంబరు. తర్వాత, ఒకప్పుడు ఇలాంటి ఆసుపత్రుల్లో ఉండి బయటికొచ్చినవాళ్లే పాత రికార్డులు వెతికి, ఆ నంబర్లు ఎవరివో తేల్చి, పేర్లు పెట్టించారు. నాకు ఒళ్లు జలదరించింది అక్కడే.

ఎందుకంటే నాకు మా మేనత్త గుర్తొచ్చింది. నేను పుట్టకముందే పోయింది. ఇంట్లో ఆమె ఫొటో లేదు, పేరు ఎత్తరు. చిన్నప్పుడు అడిగితే నాయనమ్మ ఒకటే మాట అనేది: "బాలింతగా ఉన్నప్పుడు గాలి సోకిందిరా." నిద్రపోయేది కాదంట, తనలో తనే మాట్లాడుకునేదంట, బిడ్డని చూసి భయపడేదంట. భూతవైద్యుణ్ణి పిలిపించారు. గుంజకి కట్టేసి వేపమండలతో కొట్టించారు.

ఇప్పుడు దీనికి డాక్టర్లు పోస్ట్‌పార్టమ్ సైకోసిస్ అంటారు. ప్రసవమైన ప్రతి 1,000 మందిలో ఒకరిద్దరికి వస్తుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. ఇది ఎమర్జెన్సీ, ఆసుపత్రిలో చేర్చాలి. మందులతో చాలామంది పూర్తిగా కోలుకుంటారు. మా అత్తకి అదేనా అని నేను డాక్టర్‌లా తేల్చలేను. కానీ ఆమెని ఒక్క డాక్టరూ చూడలేదు, అది మాత్రం నిజం.

ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో ఒక షెడ్డుకి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు కాలిపోయారు. పరిగెత్తడానికి లేదు కదా. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇప్పుడు ఎవర్నీ గొలుసులతో కట్టకూడదు. మనం మాత్రం ఇంకా "వీణ్ణి ఎర్రగడ్డకి పంపాలిరా" అని జోకులేస్తాం. నేనూ వేశాను. ఆ జోకుకి భయపడి ఎంతమంది డాక్టరు గడప తొక్కట్లేదో!

ఆ రోజు రాత్రి నాయనమ్మకి ఫోన్ చేసి ఆ రాళ్ల గురించి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మాకేం తెలుసురా అబ్బాయ్, బాగవుతుందనే చేశాం" అంది. ఆపైన మా అత్త పేరు చెప్పింది. ఆమె నోట ఆ పేరు నేను వినడం అదే మొదటిసారి. ఆమె కొడుక్కి ఇష్టం లేదు కాబట్టి ఇక్కడ చెప్పట్లేదు. మా ఇంట్లో మాత్రం ఇప్పుడు చెప్పుకుంటున్నాం.

మీ ఇంట్లో బాలింత గానీ, ఇంకెవరైనా గానీ నిద్ర మానేసి, లేనివి ఉన్నట్టు మాట్లాడుతుంటే "గాలి" అనుకోకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎవర్ని అడగాలో తెలియకపోతే టెలీ మానస్, నంబరు 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఈ ఎపిసోడ్ నుంచి ఒక్క నంబరు గుర్తుపెట్టుకుంటే అది ఇదే అవ్వాలి.

మళ్లీ ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.