కోడిపుంజు నెత్తురు, స్టూడియో హైపో

మనిషి కణంలో క్రోమోజోములు ఎన్ని? బడిపిల్లల్ని నిద్రలో లేపి అడిగినా 46 అంటారు. కానీ 1923లో అమెరికా శాస్త్రవేత్త థియోఫిలస్ పెయింటర్ 48 అని తేల్చాక, ముప్పై ఏళ్లకు పైగా పాఠ్యపుస్తకాలు ఆ అంకెనే అచ్చువేశాయి. మైక్రోస్కోపు కింద అవి ఒకదాని మీద ఒకటి పడి చిక్కుపడి కనిపించేవి మరి. ఆ చిక్కు విప్పింది ఒక పొరపాటు. 1952లో టి.సి. షు అనే శాస్త్రవేత్త ప్రయోగశాలలో ఎవరో ఉప్పు తగ్గిన ద్రావణంతో కణాలను కడిగేశారు. కణాలు నీరు పీల్చి ఉబ్బాయి, లోపలి క్రోమోజోములు విడివిడిగా పరుచుకున్నాయి. అంత తేటగా చూసి కూడా షు 48 అనే రాశారు! అందరూ నమ్మేసిన అంకెకు అంత పట్టు ఉంటుంది. 1955 డిసెంబరులో స్వీడన్‌లోని లుండ్ నగరంలో జో హిన్ చియో మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టారు. ఆల్బర్ట్ లెవాన్‌తో కలిసి మరుసటి ఏడాది ప్రకటించిన ఆ లెక్కే నేటి 46.

ఉప్పు తగ్గిన ద్రావణం కాక వాళ్లకు సాయపడిన రెండో వస్తువు కొల్చిసిన్. గౌట్ నొప్పులకు వాడే పాత మందు ఇది. విభజన మధ్యలో ఉన్న కణాన్ని అక్కడికక్కడే ఆపేస్తుంది. క్రోమోజోములు బాగా దట్టంగా కనిపించేది ఆ ఘడియలోనే. మన కంచెల మీద ఎర్రగా, పసుపుగా పూసే అగ్నిశిఖలోనూ ఈ కొల్చిసినే ఉంది. ఆ దుంప తింటే ప్రాణాలకే ముప్పు. తమిళనాడులో రైతులు మందుల కంపెనీల కోసం దీన్ని పంటగానే వేస్తారు.

46 అని లెక్క తేలాక, డౌన్ సిండ్రోమ్‌కు కారణం 21వ క్రోమోజోము అదనంగా ఒకటి ఉండటమేనని 1959లో పారిస్ నుంచి వార్త వచ్చింది. పత్రంలో మొదటి పేరు జెరోమ్ లెజూన్‌ది. ఆ కణాలను పెంచింది మాత్రం మార్త్ గోతియే. ట్రూసో ఆసుపత్రిలో ఆమెకు నిధులు లేవు. కణాల పెంపకానికి కావలసిన ప్లాస్మా కోసం ఒక కోడిపుంజును సంపాదించారు, మనిషి సీరం కోసం తన రక్తమే తీసుకున్నారు. తీరా పత్రంలో ఆమె పేరే తప్పుగా అచ్చయింది. 2014లో ఫ్రాన్స్ జాతీయ వైద్య పరిశోధన సంస్థ నైతిక సంఘం ఆమె పాత్రను గుర్తించేదాకా ఆమెకు దక్కాల్సిన పేరు దక్కలేదు. 2022లో ఆమె కన్నుమూశారు. ఆమె పేరును పిల్లల పాఠాల్లో చేర్చాలి.

డౌన్ సిండ్రోమ్ పిల్లల్లో చాలామందికి చెవి గొట్టం సన్నగా ఉంటుంది, మధ్యచెవిలో ద్రవం నిలుస్తుంది. మాట ఆలస్యమైతే ‘అది బుద్ధిమాంద్యం వల్లే’ అని ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. సగం మాటలు ఆ బిడ్డ చెవిన పడనే లేదేమో! వినికిడి పరీక్ష ఏటా చేయించండి, ద్రవం తీసేస్తే మాట మెరుగయ్యే పిల్లలున్నారు.

చెవి వినడమే కాదు, సన్నగా పలుకుతుంది కూడా. ఈ సంగతి 1978లో ఇంగ్లండ్‌లో డేవిడ్ కెంప్ బయటపెట్టారు. నత్తగుల్లలా చుట్టుకున్న లోపలి చెవిలో వెలుపలి వరస రోమకణాలు శబ్దానికి తగ్గట్టు సాగుతూ కుంచించుకుంటూ దాన్ని పెంచుతాయి, ఆ కదలికే తిరిగి శబ్దమై బయటికి వస్తుంది. నిద్రపోతున్న పసికందు చెవిలో చిన్న గొట్టం పెట్టి నర్సు చేసే పరీక్ష ఆ శబ్దం కోసమే. ఆస్పిరిన్ పెద్ద మోతాదులో వాడితే ఈ కదలిక మందగిస్తుంది, చెవిలో గింగురుమంటుంది. మందు ఆపితే సాధారణంగా తగ్గిపోతుంది.

స్ట్రెప్టోమైసిన్ కుటుంబపు మందులతో అలా కాదు. 1943లో వచ్చిన ఆ మందు లక్షలమంది క్షయరోగులను బతికించింది, కొందరి వినికిడిని శాశ్వతంగా తీసుకుపోయింది. ఒక్కో చెవిలో రోమకణాలు సుమారు 15 వేలు. చచ్చిన కణం మళ్లీ పుట్టదు. మరి ఒకే మోతాదు ఒకరికి పడి, ఇంకొకరిని చెవిటివారిని చేస్తుందేం? 1993లో ఒక జవాబు దొరికింది. మైటోకాండ్రియా డీఎన్‌ఏలో 1555వ చోట ఒక్క అక్షరం మారితే, మన కణంలోని ప్రోటీన్ల యంత్రం బాక్టీరియా యంత్రాన్ని పోలిపోతుంది. బాక్టీరియాను కొట్టాల్సిన మందు మన చెవిని కొడుతుంది. ఈ మార్పు తల్లి నుంచే బిడ్డలకు వస్తుంది. మాంచెస్టర్‌లో ఇప్పుడు నవజాత శిశువు బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి, అరగంటలోపే ఈ అక్షరాన్ని చదివే పరీక్ష ఉంది. జబ్బుపడిన పసిబిడ్డకు గంటలోపు యాంటీబయాటిక్ ఎక్కించాలి కాబట్టి ఆ వేగం ప్రాణావసరం.

క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్‌దీ ఇదే తంటా. దానికి 2022లో అమెరికా ఆమోదించిన విరుగుడు సోడియం థయోసల్ఫేట్. పాత ఫొటో స్టూడియోల చీకటిగదిలో ప్రింట్లను ముంచే ‘హైపో’ అదే! క్యాన్సర్ మందు ఎక్కించిన ఆరు గంటలకు ఇస్తారు. అప్పటికి కణితి మీద పని సాగిపోతుంది, ఆపై మిగిలిన ప్లాటినాన్ని ఇది కట్టిపడేస్తుంది.

క్యాన్సర్ మాట వచ్చింది కాబట్టి మళ్లీ క్రోమోజోముల దగ్గరికి వద్దాం. ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్ స్లయిడును కుళాయి నీళ్లతో కడిగారు. మళ్లీ అదే నీటి చలవ, క్రోమోజోములు విడివడ్డాయి. ఒకరకం రక్తక్యాన్సర్ రోగుల కణాల్లో పొట్టి క్రోమోజోము ఒకటి ఉందని నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ 1960లో ప్రకటించారు. 9, 22 క్రోమోజోముల ముక్కలు తారుమారు కావడమే దానికి కారణమని 1973లో జానెట్ రౌలీ చూపారు. ఆ తారుమారుతో పుట్టే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇమాటినిబ్ 2001లో వచ్చింది. అప్పట్లో నెలకు లక్ష రూపాయలు దాటిన ఆ మందును హైదరాబాద్‌కు చెందిన నాట్కో 2003లో ‘వీనాట్’ పేరుతో సుమారు పదివేలకే అందించింది. మూల కంపెనీ పేటెంటు కోసం చేసిన పోరాటాన్ని 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. మన ఊళ్లలో ఈ మాత్రతో ఏళ్ల తరబడి ఆరోగ్యంగా బతుకుతున్నవాళ్లు ఉన్నారు.

తిరిగి చెవి సంగతికి వస్తే, కోడిపిల్లకు పోయిన రోమకణాలు మళ్లీ మొలుస్తాయని 1980ల చివర్లో తేలింది. మనకు ఆ వరం లేదు. కానీ కణాలు బతికే ఉండి, సంకేతం పంపలేక పుట్టు చెవుడు వచ్చినవాళ్ల సంగతి వేరు. 2వ క్రోమోజోము మీది ఓటీఓఎఫ్ జన్యువు పాడైతే జరిగేది అదే. బాగున్న జన్యువును పంపుదామంటే, మోసుకెళ్లే ఒక్క వైరస్‌లో అది పట్టదు. అందుకని షాంఘై వైద్యులు దాన్ని రెండు ముక్కలు చేసి, రెండు వైరస్‌లకెక్కించి చెవిలోకి పంపారు. ముక్కలు కణంలో కలుసుకున్నాయి. 2024 జనవరిలో వచ్చిన ఫలితాల ప్రకారం ఆరుగురు పిల్లల్లో అయిదుగురికి వినికిడి వచ్చింది.