కోడికి మందు పట్టించుట

మన గ్రామములలో నాలుగు కోళ్లయినను లేని పెరడు అరుదు. ఉప్పునకు, సబ్బునకు, పిల్లల పుస్తకములకు గృహిణి చేయి చాచునది గ్రుడ్ల డబ్బునకే. అయినను ఎద్దునకు జబ్బు చేసినచో పశువుల ఆసుపత్రికి పరుగెత్తు మనము, కోడి రెక్కలు వ్రేలవైచి కునుకుచుండగా చూచియు ఊరకుందుము. మందు తెచ్చినవారు సహితము దానిని కోడి కడుపులోనికి చేర్చలేక విసిగి విడిచిపెట్టుచున్నారు. కోడి ఎగురును, గీరును, ముక్కు బిగించును, మ్రింగినట్లే యుండి ఉమిసివైచును. ఈ చిక్కును గూర్చి యీ నెల నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మొదట మా తప్పు చెప్పికొందుము. కొన్ని యేండ్ల క్రిందట ఒక గ్రామమున ఒక ముదుసలి మాయొద్దకు పెట్టనొకదానిని తెచ్చినది. పదునొకండు పిల్లలను లేపిన పెట్ట అది. ఏలికపాములచే చిక్కిపోయి యుండెను. పదిమంది చూచుచుండగా మేము దాని తలను వెనుకకు విరిచి, ముక్కు తెరచి, చెంచాడు మందు ఒక్కసారిగా గొంతులో పోసితిమి. పెట్ట గురగురలాడి, రెక్కలు కొట్టుకొని, మా చేతులలోనే ప్రాణము విడిచినది. ముదుసలి మమ్ము ఒక్క మాటయు అనలేదు. "నా రాత, బాబూ" అని దానిని కొంగున చుట్టుకొని పోయినది. అది రాత కాదు, మా చేతి దోషము. మందు మంచిదే, కడుపులోనికి పోవలసినది ఊపిరితిత్తులలోనికి పోయినది.

కోడి నోరు తెరచి చూచినచో నాలుక వెనుక, నోటి అడుగున, సన్నని చీలిక యొకటి కన్పడును. ఊపిరితోపాటు అది తెరచుకొనుచు మూసికొనుచు నుండును. అదియే ఊపిరిగొట్టపు ద్వారము. ఆహారము పోవు త్రోవ దానికి వెనుక నున్నది. మనకు వలె కోడికి మెత్తని అంగిలి లేదు. కావుననే అది నీటిని ముక్కుతో ముంచి, తల పైకెత్తి, జారవిడిచి మ్రింగును. ఈ సంగతి యెరిగినవాడు గొంతులో మందు పోయడు.

పట్టుట: పగటివేళ కోడిని పెరడంతయు తరుమరాదు. జబ్బుకోడికి ఆ పరుగే చేటు. చీకటిలో కోడికి చూపు మందము. కావున గూటికి చేరిన పిదప, దీపము దూరముగా నుంచి, రెండు చేతులతో రెక్కలను ఒంటికి చేర్చి మెల్లగా ఎత్తవలెను. కాళ్లు పట్టి తలక్రిందుగా వ్రేలాడదీయరాదు. పాత తువ్వాలులో చుట్టి ఎడమచంక నుంచుకొనినచో గీరదు. కాని రొమ్మును గట్టిగా నొక్కరాదు. రొమ్ము కదలనిదే కోడికి ఊపిరాడదు.

త్రాగించుట: సూదిలేని చిన్న పిచికారిగాని, కంటిమందు సీసావంటి చుక్కల సీసాగాని చాలును. తల సహజముగా నుండనిచ్చి, ముక్కు ప్రక్క అంచున ఒక్కొక్క చుక్క విడువవలెను. చుక్క లోపలికి జారగానే కోడి తనంతట తానే మ్రింగును. అది మ్రింగిన పిమ్మటనే రెండవ చుక్క. మాత్రయైనచో చిన్న ముక్కలు చేసి, నూనె రాచి, ఆ చీలికను దాటించి నోటి వెనుక భాగమున ఉంచవలెను. పిదప ముక్కు మూసి, మెడను పైనుండి క్రిందికి వ్రేలితో మెల్లగా నిమురవలెను. వెంటనే వదలక కొంచెముసేపు చూడుడు. ఉమియునదైనచో అప్పుడే ఉమియును.

మేతలో కలుపుట: కోళ్లు అనేకమున్నచో ఇదియే సులువు. ఉదయము గూడు తెరువకముందు గుప్పెడు నూకల అన్నములోనో జొన్నపిండి ముద్దలోనో మందు కలిపి పెట్టవలెను. ముద్ద చిన్నదిగా నున్ననే పూర్తిగా తినును. బలమైన పుంజు బలహీనమైన పెట్ట వంతు కాజేయును గనుక జబ్బుకోడిని వేరు గంపక్రింద నుంచవలెను. మేత ముట్టని కోడి నీరు త్రాగుట కలదు. అట్టి దానికి నీటిలో కలుపు మందు మేలు. కాని పెరటిలోని ఇతర నీరంతయు తొలగించి, మందునీటిని ప్రతిదినము క్రొత్తగా కలుపవలెను.

మోతాదు కోడి బరువును బట్టి యుండును. పశువైద్యుని అడిగి తెలిసికొనుడు. కోడి తేరుకొన్నదని నడుమ మానక, చెప్పినన్ని దినములు ఇయ్యవలెను. ఆయన విడువుమన్నన్నాళ్లు ఆ గ్రుడ్లను, మాంసమును వాడరాదు.

ఏ మందుకును లొంగని జబ్బొకటి కలదు; అది కొక్కెర తెగులు. 1926లో ఇంగ్లండునందలి న్యూకాసిల్ ప్రాంతమునను, 1927లో కుమావూను కొండలలోని రాణీఖేతునందును కనిపెట్టబడినది గనుక దానికి ఆ యూళ్ల పేర్లు వచ్చినవి. సోకిన పిదప చికిత్స లేదు. ముందుగా టీకాయే శరణ్యము. పిల్లకు అయిదు మొదలు ఏడు దినముల లోపల లసోటా చుక్క ఒకటి కంటిలోగాని ముక్కురంధ్రమునగాని వేయుదురు. నాలుగు వారములకు మరల వేసి, ఎనిమిది వారములు దాటిన పిదప రెక్కక్రింద సూదిమందు ఇత్తురు. కంటిలో వేసిన చుక్క ఇంకి, పిల్ల రెప్ప వేయువరకు చేతినుండి విడువరాదు. ఆరోగ్యముగా నున్న కోళ్లకే టీకా వేయవలెను. వారము ముందు పురుగుల మందిచ్చుట మంచిది.

ఇక్కడనే సంఘముతో పని యున్నది. టీకాసీసాలో సాధారణముగా నూరు మోతాదులో అంతకు మించియో యుండును. కలిపిన మందు రెండు గంటలు దాటినచో పనికిరాదు. మంచుపెట్టెలో తేవలెను, ఎండ తగులరాదు. అయిదు కోళ్లున్న ఇల్లాలు ఒక్కతెయే సీసా కొని తొంబదియైదు చుక్కలు పారబోయునా? కొనకయే ఊరకుండును. ఇరువది యిండ్లవారు కలిసినచో సీసా వ్యర్థము కాదు, ఖర్చు కానరాదు. ప్రతి సంఘమును నెలకొక సాయంకాలమును ఏర్పరచి, గంపలు ఒకచోట చేర్చి, పశువైద్యశాలవారిని పిలుచుకొనవలెనని మా ప్రార్థన. వచ్చు సభలోనే ఈ తీర్మానము చేయుడు.

ఆ ముదుసలికి మేము వేరొక పెట్టను కొనియిచ్చితిమి. ఆ పెట్ట పరాయి పిల్లలను దరిచేరనీయలేదు. తల్లిలేని ఆ పదునొకండింటిలో నాలుగింటిని వారము తిరుగకముందే గ్రద్దలు తన్నుకొనిపోయినవి. నాటినుండి మేము చెంచాతో ఏ కోడికిని మందు పోసి యెరుగము.