ఘోరనేరములు - జామీను

హత్యానేరమునకో, బందిపోటునకో అరెస్టయినవాడు కొన్ని నెలలలో జామీనుపై ఇల్లు చేరినచో ఊరిలో రెండు విధముల మాటలు వినవచ్చును. డబ్బు పోసి బయటపడెనని యొకరు, కోర్టువారే నిర్దోషియని తేల్చిరని వేరొకరు. రెండును సరికావు. జామీను తీర్పు కాదు. నేరము చేసెనా లేదా యనునది సాక్షులను విచారించిన పిమ్మట తేలవలసిన విషయము. అంతవరకు నిందితుడు చెరసాలలో నుండవలెనా, ఇంటినుండి వాయిదాలకు వచ్చుచుండవలెనా యనునదే జామీను దరఖాస్తులోని ప్రశ్న. మన విద్యార్థులును, వారి తలిదండ్రులును ఈ భేదమును గుర్తింపవలెనని యెంచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

చిన్న నేరములలో జామీను నిందితుని హక్కు. ఘోరనేరములలో అది న్యాయాధిపతి విచక్షణకు వదలబడినది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు స్థానమున 2024 జులై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత కూడ ఈ పద్ధతినే నిలిపినది. మరణదండనగాని యావజ్జీవ కారాగారముగాని విధింపదగిన నేరమును నిందితుడు చేసెనని నమ్ముటకు తగిన హేతువులు కనబడినచో మేజిస్ట్రేటు జామీను ఈయరాదు. బాలురు, స్త్రీలు, వ్యాధిగ్రస్తులు, దుర్బలులు అయినవారి విషయమున మాత్రము ఈయవచ్చును. సెషన్సు కోర్టునకును, హైకోర్టునకును ఇట్టి కట్టడి లేదు. కావున చికిటి ప్రాంతమువారి ఇట్టి దరఖాస్తులు సాధారణముగ బరంపురము చేరును. జిల్లా కచేరి ఛత్రపురమందున్నను గంజాం సెషన్సు కోర్టు బరంపురమందే కలదు. అచ్చట కాదన్నచో కటకమునందలి ఒరిస్సా హైకోర్టునకు పోవలెను.

న్యాయాధిపతి ముఖ్యముగ మూడు భయములను తూచి చూచును: విడిచినచో ఇతడు పారిపోవునా? సాక్షులను బెదరించునా? మరల నేరము చేయునా? నేరము ఘోరమగుకొలది శిక్ష పెద్దది, శిక్ష పెద్దదగుకొలది పారిపోవు ఆశ హెచ్చు. నేరతీవ్రతకు జామీను విషయమున గల ప్రాధాన్యమునకు ఇది యొక ప్రధాన కారణము. అంతేకాని విచారణకు ముందే కొంత శిక్ష అనుభవింపజేయుటకు కాదు.

ఈ సంగతిని స్పష్టపరచినది మన తెలుగువారి కేసే. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక హత్యకేసులో సెషన్సు కోర్టు ముద్దాయిలను నిర్దోషులని విడిచిపెట్టగా, హైకోర్టు ఆ తీర్పును త్రోసివేసి యావజ్జీవ శిక్ష విధించెను. వారు సుప్రీంకోర్టులో అప్పీలు చేసికొని, అది తేలువరకు జామీను కోరిరి. గుడికంటి నరసింహులు కేసని న్యాయవాదులు నేటికిని ఉదహరించునది ఇదే. 1977 డిసెంబరులో జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యరు వారికి షరతులతో జామీను మంజూరు చేసెను. అప్పీలు గెలిచిన పిమ్మట, చెరసాలలో గడచిన సంవత్సరములను ఎవరును తిరిగి ఈయలేరు గదా! అయినను ఆ న్యాయమూర్తి గ్రామశాంతిని మరచినవాడు కాడు. షరతులు విధించుట అందులకే.

కొన్ని ప్రత్యేక చట్టములందు ద్వారము మిక్కిలి ఇరుకు. మత్తుపదార్థముల చట్టము (1985) ప్రకారము 20 కిలోలకు మించిన గంజాయి దొరికిన కేసులో, నిందితుడు నిర్దోషియని నమ్ముటకు తగిన హేతువులున్నవనియు, విడిచినచో మరల నేరము చేయడనియు కోర్టునకు తోచినగాని జామీను లేదు. కూలికి ఆశపడి ఎవరి మూటనో మోయు యువకులు ఈ సంగతి ఎరుగవలెను.

దీనికి ఎదురుగ నిందితునికి మేలుచేయు నియమమొకటి కలదు. దానిని పెక్కుమంది ఎరుగరు. హత్యవంటి నేరములలో అరెస్టయినవానిని మొదట రిమాండు చేసిన నాటినుండి 90 దినములలో పోలీసులు అభియోగపత్రము దాఖలు చేయనిచో జామీను హక్కగును. అయితే ఆ హక్కును అడుగవలెను. అభియోగపత్రము వచ్చిన పిమ్మట అడిగిన లాభము లేదు.

జామీను మంజూరైనను జామీనుదారు దొరకక చెరలోనే మ్రగ్గువారు కలరు. ఇక్కడనే మనవంటి సరిహద్దు కుటుంబములకు చిక్కు. 1936లో గంజాం ఒడిశాలో చేరినప్పుడు ఇచ్ఛాపురము ఆవలనే నిలిచినది. మేనమామ అచ్చట, పొలము అచ్చట, కేసు ఇచ్చట. పరజిల్లావాని పూచీ చెల్లదన్నచో ఏమి గతి? 1978లో మోతీరాం అను తాపీపనివాని కేసు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినది. మధ్యప్రదేశ్‌లో ఒక మేజిస్ట్రేటు అతనిని 10,000 రూపాయల జామీను కోరి, అతని సోదరుని ఆస్తి వేరొక జిల్లాలో నున్నదని ఆ పూచీని త్రోసివేసెను. కృష్ణయ్యరుగారు దానిని తప్పుపట్టి, 1,000 రూపాయల సొంత బాండుపై అతనిని విడువుమనిరి. దూరప్రాంతమున అరెస్టయిన తెలుగువాడో, తమిళుడో అచ్చట ఆస్తిగల జామీనుదారుని ఎచ్చటనుండి తెచ్చుకొనగలడని ఆ తీర్పులో ప్రశ్నించిరి. 2023 జనవరిలో సుప్రీంకోర్టు మరల, స్థానిక జామీనుదారుని కొరకు పట్టుబట్టుటచే విడుదల ఆలస్యమైనచో ఆ షరతు విధింపకుండ నుండవచ్చునని సూచించినది.

భాష విషయమును కూడ చెప్పవలెను. అరెస్టు కారణములను నిందితునికి అర్థమగు భాషలో వ్రాతమూలముగ ఈయవలెనని 2025 నవంబరులో సుప్రీంకోర్టు నిర్ణయించినది. ఒడియా చదువలేని తెలుగువానికి ఒడియా కాగితమిచ్చి సంతకము తీసికొనుట చాలదన్నమాట. కాగితము తెలియనిచో తెలియదని అప్పుడే చెప్పవలెను.

చెరలోనున్న వానికి ఆదాయముతో నిమిత్తము లేకుండ ఉచిత న్యాయవాదిని కోరు హక్కు 1987 నాటి చట్టముచే లభించినది. జామీను మంజూరై ఏడు దినములైనను విడుదల కానివాని సంగతిని జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాసంస్థ కార్యదర్శికి తెలుపవలెనని 2023 నాటి ఆదేశము. ఇంటివారు కూడ ఆ సంస్థకు తామే అర్జీ పెట్టుకొనవచ్చును.