నల్ల తెర వెనక మంతనాలు

గేమ్ కన్సోల్ నుంచి వచ్చే బొమ్మను కంప్యూటర్‌లోకి ఎక్కించేది క్యాప్చర్ కార్డు. యూట్యూబ్‌లో కన్సోల్ ఆటలు ఆడి చూపించేవాళ్లలో చాలామందికి అదే ఆధారం. తీరా దాన్ని తగిలిస్తే తెర నల్లగా ఉంటుంది. అదే కేబుల్‌ టీవీకి పెడితే బొమ్మ భేషుగ్గా వస్తుంది. కేబుల్ మీద అనుమానంతో కొత్తది కొంటారు. దండగ ఖర్చు! చాలాసార్లు అక్కడ ఏదీ చెడిపోయి ఉండదు. కన్సోలే బొమ్మ ఇవ్వనంటోంది.

ఆ కేబుల్ పేరు హెచ్‌డీఎంఐ. 2002 డిసెంబరులో సోనీ, ఫిలిప్స్, తోషిబా సహా ఏడు కంపెనీలు దాన్ని తెచ్చాయి. దాని కొనలో 19 పిన్నులుంటాయి. వాటిలో కొన్ని బొమ్మను మోయవు, సంబంధం కుదుర్చుతాయి. కన్సోల్ 18వ పిన్నులో 5 వోల్టులు పంపుతుంది. అవతలిది 19వ పిన్ను మీద 'ఉన్నాను' అంటుంది. ఆపైన 15, 16 పిన్నుల మీదుగా అవతలిదాని జాతకం చేతులు మారుతుంది. దాని పేరు ఈడీఐడీ. ఏ రిజల్యూషన్ చూపగలదు, సెకనుకు ఎన్ని ఫ్రేములు అన్నవన్నీ అందులో ఉంటాయి. కొన్ని కార్డులు తమ జాతకానికి బదులు వెనకున్న టీవీది చూపిస్తాయి. టీవీది 4కే అయి, కార్డు 1080పీ దగ్గరే ఆగిపోయేదైతే చిక్కే. 4కే ఫ్రేములో పిక్సెళ్లు నాలుగు రెట్లు మరి. కన్సోల్ సెట్టింగ్స్‌లో 1080పీ మనమే ఎంచుకుంటే ఈ తగువు తీరుతుంది.

అసలు పేచీ హెచ్‌డీసీపీతో. సినిమాలను ఎవరూ కాపీ కొట్టకుండా ఇంటెల్ తయారుచేసిన తాళం ఇది. మొదటి తరం హెచ్‌డీసీపీలో పరికరానికి 40 రహస్య సంఖ్యలు ఇచ్చారు. వాటిని బట్టి కన్సోల్ అవతలిదాన్ని ఒకసారి ఒప్పుకున్నాక కూడా 128 ఫ్రేములకోసారి, అంటే దాదాపు రెండు సెకన్లకోసారి, మళ్లీ తనిఖీ ఉంటుంది. అందులో తేడా వస్తే బొమ్మ ఆగిపోతుంది. మామూలు క్యాప్చర్ కార్డు తాళం పడిన బొమ్మను అసలు పట్టదు.

2006లో వచ్చిన ప్లేస్టేషన్ 3 సినిమాలతో పాటు ఆటలకూ ఈ తాళం వేసింది. తీసే మీట లేదు. రికార్డు చేయాలనుకున్నవాళ్లు తాళం సంగతే తెలియని పాత అనలాగ్ కాంపొనెంట్ కేబుల్‌ను ఆశ్రయించారు. 2013 నవంబరులో ప్లేస్టేషన్ 4 కూడా తాళంతోనే దిగింది. 2014 ఏప్రిల్‌లో వచ్చిన అప్‌డేట్‌తో గానీ దాన్ని తీసే వీలు కలగలేదు.

అప్పటికి తాళం పరువు ఎప్పుడో పోయింది. నీల్స్ ఫెర్గూసన్ అనే డచ్ గూఢలిపి నిపుణుడు దాన్ని ఛేదించానని 2001లోనే ప్రకటించాడు. అమెరికా కాపీరైట్ చట్టానికి జంకి వివరాలు మాత్రం బయటపెట్టలేదు. 2010 సెప్టెంబరులో ఏకంగా మూల తాళంచెవే ఇంటర్నెట్‌లో ప్రత్యక్షమైంది. అది అసలుదేనని ఇంటెల్ ఒప్పుకుంది. అయినా తాళాన్ని పీకెయ్యలేదు. దొంగల మాటెలా ఉన్నా, తన ఆట తాను రికార్డు చేసుకోబోయిన కుర్రాడికి మాత్రం అది అడ్డుపడుతూనే ఉంది.

ప్లేస్టేషన్ 5లో ఇప్పుడా మీట సెట్టింగ్స్‌లో, సిస్టమ్ కింద, హెచ్‌డీఎంఐ దగ్గర ఉంది. ఆపేస్తే ఆట కార్డులోకి వస్తుంది. సినిమాల యాప్‌లు మాత్రం మొరాయిస్తాయి, వాటికోసం మళ్లీ వేసుకోవాల్సిందే.