బూడిద కలిపిన సిమెంటుతో ఇల్లు కట్టొచ్చా?

సింగపూర్‌లో కాల్చే చెత్తలో ఎక్కువ భాగం తువాస్‌కే వెళ్తుంది. అక్కడి ప్లాంట్లలో దాన్ని కాల్చి, ఆ వేడితో కరెంటు తీస్తారు. చివరికి బూడిద మిగులుతుంది. దాన్ని తువాస్ రేవు నుంచి బార్జిల్లో సెమకావ్ దీవికి తీసుకెళ్లి పోస్తారు. 1999లో తెరిచిన ఆ చోటు 2035 నాటికి నిండిపోతుందని అంచనా. అందుకే ఆ బూడిదను శుద్ధి చేసి ఇసుకకు బదులుగా వాడాలని చూస్తున్నారు. దానికి న్యూసాండ్ అని పేరు పెట్టి, తానా మేరా కోస్ట్ రోడ్డు కింద ఒక పొరగా వేసి పరీక్షించారు.

తువాస్‌లో పనిచేసే మనవాళ్ళు చాలామంది నెలనెలా డబ్బు పంపి ఊళ్ళో ఇల్లు కట్టిస్తుంటారు. "రోడ్డుకి పనికొచ్చిన బూడిద మన స్లాబుకి పనికిరాదా?" అని వాళ్ళు అడిగితే ఏం చెప్పాలి? చెత్త బూడిద అయితే వద్దు. అందులో లోహాలు, ఉప్పు ఉంటాయి. ఉప్పు ఉంటే కాంక్రీటు లోపలి ఇనుప చువ్వలు తుప్పు పడతాయి. కానీ బొగ్గు బూడిద సంగతి వేరు.

కాంక్రీటు అంటే సిమెంటు, ఇసుక, కంకర, నీళ్ళు. వీటిలో సిమెంటు బరువు తక్కువే, కాలుష్యం మాత్రం ఎక్కువగా దానివల్లే వస్తుంది. సున్నపురాయిని, మట్టిని కలిపి బట్టీలో దాదాపు 1,450 డిగ్రీల వేడిలో కాలుస్తారు. అప్పుడు వచ్చే గట్టి ఉండలను క్లింకర్ అంటారు. దాన్ని పొడి చేస్తే సిమెంటు. బట్టీలో మండే బొగ్గు నుంచి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది సరే, అంతకన్నా ఎక్కువ ఆ సున్నపురాయిలోంచే వస్తుంది! కాబట్టి బట్టీని సోలార్ కరెంటుతో నడిపినా సమస్య పూర్తిగా పోదు. క్లింకర్ వాడకం తగ్గించడమే అసలు దారి.

ఎలా తగ్గిస్తారు? దాని బదులు వేరే పొడి కలుపుతారు. ఒకటి, బొగ్గుతో కరెంటు తీసే చోట వచ్చే సన్నటి బూడిద. రామగుండంలో, విశాఖ దగ్గర సింహాద్రిలో ఇది గుట్టలుగా వస్తుంది. ఇలా బూడిద కలిపిన సిమెంటుని పీపీసీ అంటారు. ఇందులో బూడిద 15 నుంచి 35 శాతం దాకా ఉండొచ్చు. రెండోది స్లాగ్, అంటే ఇనుము కరిగించినప్పుడు మిగిలే చిట్టెం. విశాఖ స్టీల్ ప్లాంటులో వచ్చేది ఇదే. స్లాగ్ సిమెంటు పేరు పీఎస్‌సీ. ఉప్పుగాలి తగిలే సముద్రతీరపు ఊళ్ళకి ఇది చాలా మంచిది. ఏమీ కలపని మామూలు సిమెంటు ఓపీసీ.

సింగపూర్‌లో పాన్ యునైటెడ్ లాంటి కంపెనీలు కాంక్రీటు కలిపేటప్పుడే కార్బన్ డయాక్సైడ్‌ని అందులోకి పంపి, రాయిలా మార్చేస్తున్నాయి. బాగానే ఉంది, కానీ పల్లెటూళ్ళో ఇల్లు కట్టే మేస్త్రీకి అది దొరకదు. పీపీసీ బస్తా మాత్రం ప్రతి సిమెంటు కొట్లోనూ దొరుకుతుంది, సాధారణంగా ఓపీసీ కన్నా కాస్త చవక కూడా.

అయినా కొందరు మేస్త్రీలు పీపీసీ వద్దంటారు. వాళ్ళ మాటలో కొంత నిజం ఉంది. బూడిద సిమెంటు నెమ్మదిగా గట్టిపడుతుంది. మొదటి వారంలో బలం తక్కువ, నెలలు గడిచేకొద్దీ ఓపీసీతో సమానంగా, ఒక్కోసారి అంతకన్నా గట్టిగా తయారవుతుంది. అందుకని సెంట్రింగు తొందరపడి విప్పకూడదు. స్లాబు మీద చిన్నచిన్న మడుల్లా గట్లు కట్టి నీళ్ళు నిలబెట్టాలి. ఓపీసీకి 7 రోజులు తడిపితే చాలు, పీపీసీకి కనీసం 10 రోజులు కావాలి. మన ఎండల్లో అయితే 14 రోజులు తడపడం మంచిది. ఇక్కడ బద్ధకిస్తే స్లాబు బీటలు వారుతుంది, నింద బూడిద మీద పడుతుంది.

ఇంకో మాట. బస్తా కొన్నాక అందులో ఎవరో ఇచ్చిన బూడిద కలపనివ్వకండి. ఫ్యాక్టరీలో పరీక్షించి, కొలిచి కలుపుతారు. పారతో కలిపితే ఆ లెక్క ఉండదు.

ఊళ్ళో మీ తాతయ్యగారో మామయ్యగారో ఇల్లు కట్టిస్తుంటే, ఫోన్లో ఇలా అడిగి చూడండి:

"తాతయ్యా, సిమెంటు బస్తా మీద ఓపీసీ అని ఉందా, పీపీసీ అని ఉందా?"

"మేస్త్రీగారూ, స్లాబుకి ఎన్ని రోజులు నీళ్ళు పెడతారండీ?"

"సెంట్రింగు ఎప్పుడు విప్పాలో ఇంజనీరుగారిని అడిగారా?"

"కాంక్రీటు జారుగా లేదని అందులో నీళ్ళు ఎక్కువ పోయడం లేదు కదా?"