తేనెపిట్ట

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు మెట్టలలో మాఘ ఫాల్గుణములందు మోదుగచెట్లు ఆకు రాల్చి నిప్పుకణికలవలె పూచును. ఆ చెట్టుక్రింద కొంతసేపు నిలిచినచో, నాలుగంగుళముల నల్లని పక్షి యొకటి పూవునుండి పూవునకు దుముకుచుండుట కనబడును. ఎండ తగిలినప్పుడు ఆ నలుపే ఊదాగను, నీలముగను మెఱయును. ఇదియే తేనెపిట్ట.

మా విద్యార్థులు కొందఱు దీనిని హమ్మింగు పక్షి యందురు. అది పొరపాటు. హమ్మింగు పక్షులు అమెరికా ఖండములందు మాత్రమే కలవు. వానికిని దీనికిని దగ్గఱి చుట్టఱికము లేదు. రెండును పూదేనెకు మరగినవి గనుక ముక్కును నాలుకయు పోలియున్నవి, అంతియే. హమ్మింగు పక్షి గాలిలో నిలిచి త్రాగును. మన పిట్ట సాధారణముగా కొమ్మ పట్టుకొని, ఒక్కొక్కప్పుడు తలక్రిందుగ వ్రేలాడి, వంకరముక్కును పూవులో దూర్చును. ముక్కు అందని పూవైనచో మొదటిలో రంధ్రము చేసి తేనె దొంగిలించును. అప్పుడు పుప్పొడిని చేరవేయు కూలి యెగగొట్టినట్లే!

దీని నిజమైన బంధువులు హిమాలయములందు కలవు. ఎఱ్ఱని పొడవుతోకగల తేనెపిట్ట యొకటి 3,000 మొదలు 4,000 మీటర్ల యెత్తున రోడోడెండ్రాను పూలుండు అడవులలో వేసవి గడపి, చలికాలమున దిగువకు వచ్చును. మఱియొక జాతికి 1831లో, పక్షుల బొమ్మలు వ్రాసిన ఎలిజబెత్తు గూల్డు అను నామె పేరు పెట్టిరి. రంగులలో అవి మన పిట్టను మించినవే గాని, వానిని చూడ కొండలెక్కవలెను. ఇది మన వాకిటికే వచ్చును.

మెఱుపు మగదానికే, అదియు గ్రుడ్లు పెట్టు కాలమందే. పిదప అది ఆ వన్నె విడిచి, పసుపుపొట్టపై నడుమ నల్లని చారతో మిగులును. ఆడది యెల్లప్పుడును పైన గోధుమవన్నె, క్రింద పసుపు. అందుచేత ఒక్క జాతినే మూడుగా తలచువారు కలరు.

గూడు ఆడదియే కట్టును. గడ్డిపరకలు, బెరడుతునకలు, గొంగళిపురుగుల పెంటికలు సాలెపట్టుతో అంటించి, వ్రేలాడు సంచివలె చేయును. ప్రక్కన ద్వారము, దానిపై చిన్న చూరు. తఱచుగా రెండు గ్రుడ్లు పెట్టి, సుమారు 15 దినములు తానే పొదుగును. పిల్లలను మాత్రము రెండును మేపును. తేనె చాలదు గనుక సాలీళ్లను, పురుగులను తెచ్చి పెట్టును.

పైకి ఆ గూడు గాలికి తగులుకొన్న చెత్తవలె నుండును. ఇది శత్రువుల కన్నేగాక చీపురు పట్టినవారి కన్నును గప్పును. ఈస్టరు పండుగకు ఇల్లు దులుపుచు మేమే యొకసారి వసారాలోని అట్టి ముద్దను కఱ్ఱతో లాగివేసితిమి. నేలపై రెండు గ్రుడ్లు పగిలిన పిమ్మట అదేమో తెలిసినది. ఆడపిట్ట ఆ సాయంకాలమంతయు వట్టి తీగచుట్టు తిరిగినది.

కావున విద్యార్థులారా, వసారాలో చెత్తముద్ద వ్రేలాడుట కనబడినచో, ముందు దూరమునుండి ప్రక్కద్వారమున్నదేమో చూడుడు. ఉన్నచో, పిల్లలు ఎగిరిపోవువఱకు ఆ మూలను దులుపక విడువుడు.