మూల స్థలంలో ఇల్లు: రెండు వీధుల అమానతు

పాతబస్తీలో మూల స్థలం దొరకడం అరుదు. దొరికినవారికి అభినందనల కంటే ముందే సలహాలు వచ్చిపడతాయి. వీధిపోటు ఉందని ఒకరు, దక్షిణ ద్వారం కలిసిరాదని మరొకరు, రేపు అమ్మబోతే ధర పలకదని ఇంకొకరు అంటారు. నమాజు, రోజాలు తప్పక పాటించే కుటుంబాలు సైతం ఈ మాటలకు కలవరపడి, పునాది పనిని నెలల తరబడి వాయిదా వేసుకుంటున్నాయి.

ఇతరుల విశ్వాసాలను చులకన చేయడం మన ఉద్దేశం కాదు. అయితే ఒక విశ్వాసి తన ఇంటిని ఏ ప్రమాణంతో నిలబెట్టాలన్నది మనం ఆలోచించుకోవలసిన విషయం. ఇస్లాంకు పూర్వం అరబ్బులలో కొందరు ఇహ్రామ్ ధరించిన తరువాత ముంగిలి నుండి ఇంట్లో ప్రవేశించేవారు కాదు; వెనుక వైపు నుండి వెళ్ళేవారు. దానినే పుణ్యమని భావించేవారు. అల్ బఖరా సూరా 189వ ఆయతు ఈ ఆచారాన్ని తోసిపుచ్చి, అసలు పుణ్యం దైవభీతిలో ఉందని స్పష్టం చేసింది. అపశకునాలను నమ్మడాన్ని దైవప్రవక్త (స) నిరాకరించారు. మన నగరాన్నే చూడండి. 1591లో మీర్ మోమిన్ అస్తరాబాదీ రూపకల్పనలో హైదరాబాద్ నాలుగు దారుల కూడలి చుట్టూ వెలిసింది. ఆ కూడలిలోనే చార్మినార్ నిలిచింది. కూడలి అశుభమైతే ఈ నగరమే ఉండేది కాదు.

వీధిపోటు భయంలో ఆలోచించదగిన అంశం ఒకటుంది. ఎదురుగా వచ్చే వీధి ఇంటికి తగిలే చోట దుమ్ము, వాహనాల వెలుగు, అదుపు తప్పిన బండ్ల ప్రమాదం నిజమైనవే. అటువైపు పడకగది పెట్టకుండా, దృఢమైన ప్రహరీ కట్టుకుంటే చాలు. అది జాగ్రత్త; శకునం కాదు.

ఖిబ్లా రేఖ

మనకు ముఖ్యమైన దిక్కు ఖిబ్లా. హైదరాబాదు నుండి అది సరిగ్గా పడమర కాదు. పడమటికి సుమారు 13 డిగ్రీలు ఉత్తరంగా ఉంటుంది. మేస్త్రి ముగ్గు పోయకముందే ఈ రేఖను నేలపై గుర్తించాలి. ఇనుప చువ్వల దగ్గర ఫోనులోని దిక్సూచి తప్పు చూపవచ్చు. అంతకంటే నమ్మదగిన పద్ధతి ఒకటుంది. ఏటా మే 27 లేక 28న మన సమయం ప్రకారం మధ్యాహ్నం 2 గంటల 48 నిమిషాలకు, జూలై 15 లేక 16న 2 గంటల 57 నిమిషాలకు సూర్యుడు కాబాకు నడినెత్తిన ఉంటాడు. ఆ క్షణంలో నిటారుగా పాతిన కర్ర నుండి సూర్యుని వైపు చూస్తే అదే ఖిబ్లా. నీడ దానికి సరిగ్గా వ్యతిరేక దిశలో పడుతుంది. జూలైలో మబ్బులు అడ్డురావచ్చు కనుక మే నెల మేలు.

ఇందుకోసం ఇంటినంతా వంకరగా తిప్పనక్కరలేదు. గోడలు వీధుల వెంట సాగనిచ్చి, నమాజు గదిలో నేలపై సఫ్ గీత గీసుకుంటే సరిపోతుంది. ముందే నిర్ణయించుకోవలసింది మరుగుదొడ్డి. ఆ సమయంలో ఖిబ్లాకు అభిముఖంగా గాని, వీపు పెట్టి గాని కూర్చోరాదని హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఉల్లేఖించిన హదీసులో ఉంది. షామ్ దేశంలో ఖిబ్లా వైపు కట్టిన మరుగుదొడ్లను చూసి, తాము పక్కకు తిరిగి కూర్చొని క్షమాపణ వేడుకునేవారమని కూడా ఆయన చెప్పారు. ఉత్తర దక్షిణాలుగా అమర్చితే ఈ ఇబ్బంది ఉండదు. గొట్టాలు వేసిన తరువాత మార్చాలంటే నేలంతా తవ్వాలి.

పర్దా, గాలి, వెలుతురు

మూల ఇంటికి రెండు వైపులా గాలి వస్తుంది. రెండు వైపుల నుండీ చూపులూ పడతాయి. దైవప్రవక్త (స) ఎవరి ఇంటికి వెళ్ళినా ద్వారానికి ఎదురుగా నిలబడక, కుడి పక్కనో ఎడమ పక్కనో నిలిచేవారు. ఆ మర్యాదను మన కట్టడంలోనే పొందుపరచవచ్చు. రద్దీ తక్కువగా ఉన్న వీధి వైపు, పొరుగువారి వాకిలికి ఎదురు కాని చోట ద్వారం పెట్టాలి. తెరవగానే ఒక అడ్డుగోడ ఉంటే లోపలి స్త్రీలకు స్వేచ్ఛ ఉంటుంది. పాత దేవిడీలు వెలుతురును వీధి నుండి కాక లోపలి సెహన్ నుండి తీసుకున్నాయి. వంద గజాల స్థలంలో అంతటి ముంగిలి కుదరదు గాని, మధ్యలో ఆకాశం కనిపించే చిన్న ఖాళీ కుదురుతుంది. వీధి వైపు కిటికీలను మనిషి చూపుకంటే ఎత్తున పెట్టాలి. వేసవి ఎండ పడమటి గోడను కాలుస్తుంది; మెట్లు, సామాన్ల గది అటు ఉంటే పడకగదులు చల్లగా ఉంటాయి.

మూల ఎవరిది?

అసలు పరీక్ష మూల దగ్గరే. 2012 నాటి భవన నిర్మాణ నియమావళి ప్రకారం మూల స్థలాల్లో మలుపు వద్ద కొంత భాగం వదలాలి. 12 మీటర్లకంటే తక్కువ వెడల్పు గల దారులైతే మూల నుండి రెండు వైపులా 1.5 మీటర్ల చొప్పున కొలిచి, ఏటవాలుగా కోయాలి. లెక్కిస్తే పోయేది చదరపు గజంన్నర కూడా లేదు. ఆ గజంన్నర కోసమే గోడను అంచు దాకా జరిపి, పై అంతస్తును గాలిలో ముందుకు తెచ్చి, మెట్లను వీధిలోకి దించుతున్నాం. ఆపై గేటు మీద మాషాఅల్లాహ్ అని రాయిస్తున్నాం.

దారి విషయంలో వివాదం వస్తే ఏడు మూరలు వదలాలని దైవప్రవక్త (స) తీర్పు చెప్పారు. అంటే సుమారు పదిన్నర అడుగులు. జానెడు భూమిని అన్యాయంగా ఆక్రమించినవాడి మెడకు ప్రళయదినాన ఏడు భూములు చుట్టబడతాయని హెచ్చరించారు. పొరుగువాడి జానెడుకే అంతటి శిక్ష ఉంటే, రోజూ వందలమంది నడిచే దారి మాటేమిటి? వారందరి వద్దకూ వెళ్ళి క్షమాపణ కోరడం ఎవరి తరం?

నీటి విషయమూ అంతే. 2020 అక్టోబరు వానలకు హఫీజ్ బాబా నగర్, అల్ జుబైల్ కాలనీ వంటి చోట్ల ఇళ్ళలోకి నీరు చేరింది. అప్పటి నుండి అందరూ నేలమట్టం ఎత్తు పెంచుతున్నారు, అది సబబే. కాని ఎక్కుడు వాలు మన స్థలంలోనే ముగియాలి. అది వీధిలోకి సాగి మురుగుకాల్వను మూసివేస్తే, మన ఇంట్లోకి రాని నీరు పొరుగింట్లోకి పోతుంది. హాని చేయరాదు, హానికి హాని తలపెట్టరాదు అన్న సూత్రం ఇటువంటి చోటే వర్తిస్తుంది.

కనుక ముగ్గు పోసే రోజున కొలత టేపుతో పాటు ఇంటి పెద్దలు, పిల్లలు కూడా స్థలం వద్దకు వెళ్ళాలి. ఆ మలుపులో అంబులెన్సు తిరగగలదా, నలుగురు భుజాన మోసే జనాజా గోడకు తగలకుండా సాగగలదా అని నడిచి చూడాలి. ఆ జనాజా ఒకనాడు మన ఇంటి నుండే బయలుదేరుతుంది. అల్లాహ్ మన గృహాలను మనకూ, మన పొరుగువారికీ, మన దారిన పోయేవారికీ శుభప్రదం చేయుగాక! ఆమీన్.